సన్నికల్లు మీద పాదం

అనగనగా, బుజ్జీ, చుట్టూ కాలువలే ఉన్న ఒక ఊళ్ళో మంగతాయి అనే పిల్ల ఉండేది. వాన మొదలైతే చాలు, పొద్దస్తమానం బురదలో నిలబడి నాట్లు వేసేది. మేనత్త కొడుకు వీర్రాజంటే ఆ పిల్లకి ప్రాణం. మాఘంలో పెళ్ళి అనుకున్నారు.

అప్పుడు కాలివేళ్ళ సందుల్లో దురద మొదలైంది. తోలు తెల్లగా నాని, పొరలు పొరలుగా ఊడింది. ఆ తర్వాత బొటనవేలి గోరు పచ్చబడి, మందమై, అంచున పొడిపొడిగా రాలింది. పుప్పిగోరు.

మంగతాయికి వెంటనే పెళ్ళే గుర్తొచ్చింది. పెళ్ళిలో సన్నికల్లు తొక్కిస్తారు కదా. పెళ్ళికొడుకు అందరి ముందూ పెళ్ళికూతురి బొటనవేలు పట్టుకుని, పాదం ఎత్తి ఆ రాతి మీద పెడతాడు. బావ ఈ వేలు చూస్తే చెయ్యి వెనక్కి తీసుకుంటాడేమోనని కుమిలిపోయింది.

మొదట తడి ఆరకుండానే పారాణి దట్టంగా పూసి దాచింది. దురద పెరిగింది. ఆ తర్వాత పక్కింటి సూరమ్మ వేపాకు నూరి, తడిగుడ్డతో గట్టిగా కట్టింది. పుండ్లయ్యాయి. ఆ తర్వాత మంగతాయే బ్లేడుతో గోరు గీక్కుంది. వేలు వాచి, నడవలేక గట్టు మీద కూలబడింది.

అప్పుడు వాళ్ళమ్మ చూసింది. "దాస్తే మానుతుందటే, పిచ్చిదానా" అని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ గోరు ముక్క పరీక్షకి పంపింది. "ఇది బూజమ్మా. ఊరగాయ జాడీలో తడి చెయ్యి పెడితే పట్టదూ, అలాంటిదే. దోషమూ కాదు, పాపమూ కాదు" అంది. సందులకి పూతమందిచ్చి, దురద పోయినా కొన్నాళ్ళు మానొద్దంది. రక్తం పరీక్ష చూసి గోరుకి మాత్రలిచ్చింది. కాళ్ళు కడిగాక సందులు పొడిగా తుడుచుకోవాలంది. నీ తువ్వాలు నీకే, నీ గోళ్ళకత్తెర నీకే అంది.

"మాఘానికి తగ్గుతుందా డాక్టరమ్మా?"

"సందులు మానతాయి. గోరు మెల్లగా పెరగాలి. ఏడాది పట్టొచ్చు."

మంగతాయి తిన్నగా మేనత్త ఇంటికెళ్ళింది. వీర్రాజుకి పాదం చూపించి, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. అతను వంగి ఆ వేళ్ళ సందులు చూశాడు. ఆ తర్వాత "పనుంది" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాట మంగతాయిని పెళ్ళిదాకా కాల్చింది, బుజ్జీ.

మాఘం వచ్చింది. మంగతాయి పారాణి వద్దంది. "బోసి కాళ్ళతో పెళ్ళికొచ్చావా, నాట్లకొచ్చావా" అని సూరమ్మ దెప్పింది. సందులు మానాయి గానీ గోరు ఇంకా పచ్చగానే ఉంది. సన్నికల్లు తెచ్చారు. పాదం మీద పసుపునీళ్ళు పోశారు. మంగతాయి కళ్ళు మూసుకుంది.

వీర్రాజు బొటనవేలు పట్టుకున్నాడు. పాదం ఎత్తి రాతి మీద పెట్టాడు. అంతటితో వదల్లేదు. రొంటిన దోపుకొచ్చిన కొత్త నూలుగుడ్డ తీసి, ఒక్కో వేలి సందూ నెమ్మదిగా తుడిచాడు. పురోహితుడు మంత్రం ఆపి చూశాడు.

"ఇది నీ పాదాలకే తాయీ. ఇంకెవరూ వాడరు" అన్నాడు.

తడేమో గుడ్డకి, పాదమేమో రాతికి,
కథేమో కంచి దారికి, నువ్వేమో నిద్ర ఒడికి.