సున్నం రాళ్ళ దారి

జిలాని గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు. పని పూర్తయ్యేసరికి ప్రశ్నే వేరేదై కూర్చునేదని ఆయన శిష్యులు నవ్వుకునేవారు. కొందరికి మాత్రం ఈ పద్ధతి మీద ఒళ్ళు మండేది. ముక్కుసూటిగా చెప్పేస్తే పోయేదానికి ఇంత చుట్టూ తిప్పడమెందుకని వాళ్ళ బాధ. ఆ శిష్యుల్లో ఒకణ్ణయిన నాకూ అప్పుడప్పుడు అలాగే అనిపించేది, ముఖ్యంగా సుంకమ్మ విషయంలో.

కర్నూలు పాతబస్తీలో, మూతబడిన సినిమా హాలు పక్క సందులో ఆయనకు వీడియో గేముల అంగడి ఉండేది. ఒకప్పుడు అక్కడ కాలు పెట్టే చోటు దొరికేది కాదు. నేను చెబుతున్న కాలానికి ఆటలు ఆడటానికి వచ్చేవాళ్ళకన్నా వాటిని తయారుచేయడం నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళే ఎక్కువైపోయారు. వాళ్ళలో మద్దిలేటి చేయి తిరిగిన బొమ్మలవాడు. అతను వేపాకు గీస్తే గాలి వీచిందా అని తల తిప్పి చూడాలనిపించేది. ఏడాది కూర్చుని కారు నడిపే ఆట ఒకటి తయారుచేశాడు. అందులో వాన పడేది, తడిసిన రోడ్డు మీద దుకాణాల దీపాలు మెరిసేవి, కారు అద్దం మీద చినుకులు జారేవి. చూసినవాళ్ళు ఎంత బాగుందో అనేవారు. కాసేపు ఆడి, లేచి వెళ్ళిపోయేవారు.

లేచినవాళ్ళు ఎక్కడికి వెళతారో మద్దిలేటికి తెలుసు. అంగడి మూలన ఒక పాత యంత్రం ఉంది. చెక్కపెట్టె, దానికో స్టీరింగు, కాలి కింద ఒక పెడలు. తెరంతా నలుపు. ఆ నలుపులో అటూ ఇటూ చిన్న తెల్లని ముక్కలు పుట్టేవి. దూరాన గింజంత ఉండి, దగ్గరికొచ్చేకొద్దీ పెద్దవై, పక్కనుంచి జారిపోయేవి. అంతే. రోడ్డు లేదు, కారు లేదు, ఆకాశం లేదు. కాసేపటికి సమయం అయిపోయి ఆట దానంతటదే ఆగిపోయేది. ఆ మాత్రం దానికి ఆ పెట్టె ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు, మెడ కాస్త ముందుకు చాచి, తమలో తాము లేనట్టుగా.

ఒక రోజు మద్దిలేటి ఉండబట్టలేక అడిగేశాడు. "సార్, నా ఆటలో లేనిది ఆ పెట్టెలో ఏముంది? చూడబోతే అందులో అసలేమీ లేదు."

జిలాని గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మధ్యాహ్నం సుంకమ్మ వస్తుంది. మంచినీళ్ళిచ్చి ఆమె పక్కన కూర్చో" అన్నారు.

సుంకమ్మకు అరవై దాటాయి. నది మీద ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన ఊళ్ళలో ఒక ఊరి మనిషి. ఊరు పోయినవాళ్ళకు ఇచ్చిన కాలనీలో ఉండేది. మధ్యాహ్నం ఎండ కాస్త వాలాక వచ్చి, చెప్పులు బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు నెమ్మదిగా ఆ పెట్టె ముందు కూర్చునేది. జన్మలో సైకిలు కూడా తొక్కని మనిషి, స్టీరింగు మాత్రం ఎంతో అలవాటున్నట్టు పట్టుకునేది. ఆట ఆగిపోయాక వెంటనే లేచేది కాదు. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండేది. ఆ కాసేపు ఆమె ముఖం చూసినవాళ్ళకు ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడాలనిపించేది.

మద్దిలేటి మంచినీళ్ళిచ్చాడు. పక్కన కూర్చున్నాడు. "దీంట్లో యాడికి పోతావమ్మా?" అని అడిగాడు.

"మా ఊరికి నాయనా" అందామె, అందులో వింతేముందన్నట్టు. "మా ఊరు నీళ్ళ కింద ఉంది గదా. బస్సులో పోయేదానికి లేదు, నడిచి పోయేదానికి లేదు. దీంట్లో పోతా."

తర్వాత అడగకుండానే చెప్పింది. ఆమె తండ్రి నైట్ హాల్ట్ బస్సు తోలేవాడు. పొద్దుగూకాక కర్నూలులో బయల్దేరి, ఆఖరున సొంత ఊళ్ళోనే ఆగి, తెల్లారి తిరిగి వచ్చే బస్సది. పట్నంలో బడికి వెళ్ళే సుంకమ్మ, తండ్రి తోలే ఆ బస్సులోనే ఇల్లు చేరేది.

"బానెట్టు మీద కూర్చుంటుంటి. కింద వెచ్చగా ఉంటుండె. ఆ బస్సు లైట్లు మిణుకు మిణుకు. దారి కనపడదు, చెట్టు కనపడదు. పక్కన సున్నం కొట్టిన రాళ్ళు మాత్రం తెల్లగా వచ్చి పోతుండె. వాటిని చూసుకోనే మా నాయన తోలుతుండె, ఇట్లనే. రాళ్ళు అయిపోతే ఊరు. ఊరి మొదట్లోనే మా ఇల్లు. మా అమ్మ లాంతరు పట్టుకోని తలుపు కాడ నిలబడి ఉంటుండె."

అమ్మ ఫోటో ఉందా అని మద్దిలేటి అడిగాడు. లేదంది. నీళ్ళు రాకముందే అమ్మ పోయిందనీ, సమాధి కూడా కిందే ఉండిపోయిందనీ చెప్పింది. "ఫోటో ఎందుకులే. ఈ ఆట ఆగిపోయినాక కండ్లు మూసుకుంటే వస్తుంది" అంది.

ఆ మాటకు మద్దిలేటి మనసు కరిగిపోయింది. మంచివాడు పాపం, అతని తప్పంతా ఆ మంచితనంలోంచే వచ్చింది. ఆట ఊరు చేరకుండానే ఆగిపోవడం అతనికి ఘోరంగా తోచింది. రోజూ గుమ్మం దాకా తీసుకెళ్ళి వెనక్కి తోసేసినట్టే కదా అనుకున్నాడు. ఆ పెట్టెలోనే ఆమె ఊరు గీసి పెడతానని జిలాని గారితో చెప్పాడు.

ఆయన "గీయి. ఇంటి తలుపు మాత్రం మూసి గీయి. పాత ఆట బోర్డు పారెయ్యకు" అన్నారు.

నాకు కోపం ఇక్కడే. వద్దు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన అనలేదు.

మద్దిలేటి ప్రతి మధ్యాహ్నం సుంకమ్మను కూర్చోబెట్టి అడిగేవాడు. వాగు ఎక్కడ, కల్లం ఎక్కడ, వేపచెట్టు ఇంటికి కుడివైపా ఎడమవైపా. ఆమె సంబరంగా చెప్పేది. ఊరి గురించి అంత శ్రద్ధగా అడిగినవాళ్ళు ఆమెకు అంతకుముందు ఎవరూ తగల్లేదు. పెట్టెలో ఆటను నడిపే పాత బోర్డు తీసి బీరువాలో పెట్టి, తన కంప్యూటర్ బోర్డు బిగించాడు. కొత్త రంగుల తెర అమర్చాడు. చీకటి దారికి చెట్లు వచ్చాయి, చెట్ల వెనక గుట్టలు వచ్చాయి, గుట్టల మీద సన్నటి నెలవంక వచ్చింది. అంతా చక్కగా కుదిరింది. దారి చివర ఇల్లొక్కటే మూసిన తలుపుతో బిక్కుబిక్కుమంటూ కనిపించింది. బొమ్మలు గీసేవాడికి మూసిన తలుపు కంటిలో నలుసు. అన్నీ పెట్టి అదొక్కటీ వదిలేస్తే భోజనం వడ్డించి నెయ్యి వేయనట్టుంటుందనుకున్నాడు. తలుపు తెరిచాడు. గడపలో లాంతరు పట్టుకున్న తల్లిని గీశాడు. సుంకమ్మ పోలికలనే కాస్త మార్చి, చల్లని నవ్వుతో, ఎంతో అందంగా గీశాడు.

సుంకమ్మ వచ్చి కూర్చుంది. బస్సు కదిలింది. వాగు దాటగానే ఆమె నోరు తెరిచి, "మా వాగే" అంది. వేపచెట్టు కనబడగానే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. బస్సు ఇంటి ముందు ఆగింది. గడపలో ఉన్న మనిషిని ఆమె చాలాసేపు చూసింది. తర్వాత లేచి, మద్దిలేటి తల మీద చేయి పెట్టి, బాగుంది నాయనా అని చెప్పి వెళ్ళిపోయింది. మద్దిలేటికి ఆ రోజు ఆకలి కూడా వేయలేదు, అంత ఆనందం.

మరుసటి మధ్యాహ్నం ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. జ్వరమేమో అనుకున్నాడు. వారం గడిచాక మనసాగక కాలనీకి వెళ్ళాడు. సుంకమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అతన్ని చూసి చాప వేసింది. కోపమేమీ లేదు. ఏమైందమ్మా అని అడిగితే మాత్రం చేతిలో పని ఆగిపోయింది.

"నీ తప్పేం లేదు నాయనా. చెట్టు మాదే, ఇల్లు మాదే. కానీ కండ్లు మూసుకుంటే మా అమ్మ వస్తాలేదు. నువ్వు గీసినామె వస్తాంది. మంచిదే ఆమె, నగుతాంది." చేతిలోని గింజ పక్కన పడేసింది. "మా అమ్మ ఎట్ల ఉంటుండెనో నాకు గుర్తుకొస్తాలేదు."

మద్దిలేటి ఎలా తిరిగొచ్చాడో అతనికే తెలియదు. అంగడిలోకి వచ్చి జిలాని గారి ముందు నేల మీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. నీళ్ళు ఊరిని ముంచితే తను ఆమె తల్లిని ముంచానన్నాడు. ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. బీరువాలోంచి పాత బోర్డు తీసి, స్క్రూడ్రైవరుతో పాటు అతని చేతిలో పెట్టారు. తర్వాత తనూ వచ్చి అతని పక్కన నేల మీద కూర్చున్నారు. నా కోపం అంతటితో సగం చల్లారింది.

నెలవంక పోయింది, గుట్టలు పోయాయి, తల్లి పోయింది. పాత తెర తిరిగొచ్చి, పెట్టెలో మళ్ళీ నలుపు నిండింది. మద్దిలేటి వెళ్ళి బతిమాలి సుంకమ్మను తీసుకొచ్చాడు. కూర్చోవడానికి ఆమె భయపడింది. ఇంకా ఏదైనా పోతుందేమోనన్న భయం అది. జిలాని గారు పక్కన స్టూలు వేసుకుని, "సుంకమ్మా, తోలు. నేనూ వస్తా" అన్నారు. ఆమె తోలింది. తెల్లని రాళ్ళు వచ్చి పోయాయి. ఆట ఆగింది. ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచి, లేదన్నట్టు తల ఊపింది.

అలా ఎన్నో మధ్యాహ్నాలు గడిచాయి. ఆమె వచ్చేది, తోలేది, తల ఊపి వెళ్ళేది. మద్దిలేటి తన వానల ఆటను ముట్టుకోవడమే మానేశాడు. ఆమె ఉన్నంతసేపూ గోడకు చేరబడి నిలబడేవాడు. వేసవి వెళ్ళి వానలు మొదలయ్యాయి. అప్పటికి నేను ఆశ వదులుకున్నాను. పోయింది పోయిందే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం బయట సన్నగా తుంపర పడుతోంది. పెట్టెలో తెల్లని రాళ్ళు గింజల్లా పుట్టి, పెరిగి, జారిపోతున్నాయి. ఆట ఆగింది. సుంకమ్మ కళ్ళు మూసుకుంది. ఎప్పటికన్నా ఎక్కువసేపు మూసుకుంది. ఆమె భుజాలు మెల్లగా దిగాయి. స్టీరింగు మీది వేళ్ళు వదులయ్యాయి. బడి నుంచి ఆలస్యంగా వచ్చి చీవాట్లు తింటున్న పిల్లలా తల వంచి, పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు. ఎవరికో వినబడేలా, మాకు వినబడకుండా, "వస్తినిలేమ్మా" అన్నట్టు పెదవులు కదిలాయి.

ఆమె లేచి, కొంగు తలమీదికి లాక్కుని, చెప్పులు వేసుకుని తుంపరలోకి వెళుతోంది. మద్దిలేటి ఆగలేకపోయాడు. ఆ తల్లి ఎలా ఉందో, ఏమందో తెలుసుకోకపోతే ప్రాణం పోయేలా ఉంది అతనికి. గుమ్మం దాటి పిలవబోయాడు.

జిలాని గారు అతని చేయి పట్టుకుని ఆపారు.

"అడగొద్దు. ఆమె చెబితే నువ్వు మళ్ళీ గీస్తావు."