చలిలో విసనకర్ర

నేను చెప్పేదాంట్లో ఆవగింజంత అబద్ధమున్నా నాకు మిగిలిన రెండు పళ్ళూ ఊడిపోవాలి. కొండవాగు దొరకి ఎంత అనుమానమంటే, తన నీడ వెంటెందుకొస్తోందని దానికీ కాపలా పెట్టాడు.

ఓసారి ఆయన కారు ఊరికే మరిగిపోతుంటే మెకానిక్ మౌలాలి చూశాడు. రేడియేటర్ ఫ్యాను మోటారులో కరెంటందించే బ్రష్షులు అరిగాయని కొత్తవి వేశాడు. ధనుర్మాసంలో ఓ పొద్దున్నే దొర వచ్చి ఇంజను స్టార్టు చేయించాడు. ఫ్యాను కదల్లేదు.

"దొంగా! నా మోటారు మింగేసి చచ్చుది బిగించావా? నీ షెడ్డు పీకించి ఊరు దాటిస్తా!"

మౌలాలి తాటాకు విసనకర్ర తెచ్చి దొరకి విసరసాగాడు. దొర పళ్ళు టకటకలాడిన చప్పుడు మూడూళ్ళకి వినిపించింది.

"ఆపరా! ఇంత చలిలో విసురుతావేం, మతిపోయిందా?"

"మరి కారుకి మాత్రం ఇప్పుడు గాలెందుకు దొరా? ఇంజనింకా చల్లగానే ఉంది. నీళ్ళు వేడెక్కనివ్వండి, ఫ్యాను దానంతటదే తిరుగుతుంది."

కాసేపటికి ఫ్యాను గిర్రున తిరిగింది. దొర వంగి, లోపల ఎవడైనా కూర్చుని తిప్పుతున్నాడేమోనని ముమ్మారు చూశాడు. ఎవడూ లేడు. షెడ్డు జోలికి మళ్ళీ పోలేదు.

ఏమే, నువ్వూ అలా చూస్తావేం? షెడ్డింకా అక్కడే ఉంది, వెళ్ళి మౌలాలినే అడుగు. ఎలాగూ వెళ్తున్నావు, ఆ పక్క కొట్లో నా నశ్యం డబ్బా నింపించుకురా.