పక్క మగ్గం మీద జానెడు

కుళ్లాయప్ప అయ్యవారికి ఒక అలవాటుంది. ఎవరైనా వచ్చి “నా ఫోటోలు, కాగితాలు అన్నీ భద్రంగా ఉన్నాయి సార్” అంటే ఆయన సంతోషపడడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, “యాడ?” అని అడుగుతాడు. వాళ్లు చెప్పిందంతా విని, “తీసి చూపియ్యి” అంటాడు. సగం మంది అక్కడే నీళ్లు నములుతారు. మిగతా సగానికి కోపం వస్తుంది. ధర్మవరంలో ఒకప్పుడు ఆయన దగ్గర టైపు నేర్చుకోని గుమాస్తా లేడు. టైపు మిషన్ల కాలం పోయాక, ఆ గదిలోనే, ఆ బల్లల మీదే, కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. మిషన్లు మారాయి, మనిషి మొండితనం మారలేదు.

ఆయన శిష్యుడు పెన్నోబులేసు. ముప్పై రెండేళ్ల వాడు, తెలివైనవాడు, ఆ సంగతి తనకు మహా బాగా తెలిసినవాడు. జిల్లా పత్రికలో ప్రతి ఆదివారం కంప్యూటర్ల గురించి రాస్తాడు. ఏ ఫోన్ కొనాలి, ఏ మెసేజ్ నొక్కకూడదు, ఏ పాత సాఫ్ట్‌వేర్‌కు ఎప్పటితో రోజులు చెల్లుతున్నాయి, అన్నీ అందులో ఉంటాయి. పైన అతని ఫోటో, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఫోటో దిగిన మగవాడికి సందేహాలుండవని నా అనుభవం. అయినా ఓబులేసుకు ఒకటి వచ్చింది. ఒక బుధవారం గురువుగారి ఎదుట కూర్చుని అడిగేశాడు.

“అయ్యవారూ, నెలకొకసారి పాస్‌వర్డ్ మార్చండని నేనే రాసినా. ఊరికే మార్చొద్దండి, మార్చి మార్చి మర్చిపోతారని మళ్లా నేనే రాసినా. బ్యాటరీ అంతా అయిపోయినాకనే చార్జింగ్ పెట్టండని రాసినా. అట్ల పెడితే బ్యాటరీ చెడిపోతాదని ఇంకో ఏడాది రాసినా. ఈ ఆదివారం వండింది పై ఆదివారానికి పాసిపోతాంది. పాసిపోని సలహా ఒకటన్నా ఉందా? ఉంటే చెప్పండి, అదొక్కటి రాసి పుణ్యం కట్టుకుంటా.”

అయ్యవారు విప్పుతున్న మర విప్పి, చిప్పలో వేసి, “శుక్రవారం పొద్దున చౌడమ్మ వస్తాది. నువ్వూ రా. ఆమె కంప్యూటర్ పని నువ్వే చేద్దువు” అన్నాడు.

“నేనడిగిన దానికి జవాబు?”

“శుక్రవారం అంటిని కదప్పా.”

ఈ చౌడమ్మ ఎవరో చెప్పాలి. పట్టుచీరల అంచులకు, కొంగులకు బొమ్మలు గీసే మనిషి. ఆమె కంప్యూటర్‌లో గడి గడిగా గీసిన బొమ్మను బట్టి అట్టలకు రంధ్రాలు గుద్దుతారు. ఆ అట్టలు మగ్గం మీద వేలాడదీస్తే, ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో అవే చెబుతాయి. ఆమె అత్తగారు కాగితాల మీద వేసిన పాత అంచులు చెదలు తినేస్తుంటే, మిగిలినవి ముందు పెట్టుకుని నాలుగేళ్లు కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. కాగితాలు తర్వాత పొడైపోయాయి. తన సొంతవీ కలుపుకుని నాలుగు వందల పన్నెండు బొమ్మలు. వాటికి ఈ భూమ్మీద ఇంకో ప్రతి లేదు. అవి ఉన్నన్నాళ్లు వీధిలో మగ్గాలున్న వాళ్లంతా ఆమె గడప తొక్కుతారు. అవి పోయిన నాడు ఆమె మళ్లీ ఇంకొకరి మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చోవలసిందే.

శుక్రవారం ఆమె కంప్యూటర్‌ను పాత చీరలో చుట్టి, ఆటోలో చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. చేతి సంచిలో ఒక కుంకుమ భరిణె, అందులో దూది, దూదిలో అరచేతిలో ఇమిడే డిస్కు. డిస్కు మీద పసుపు బొట్టు. దేవుడి గూట్లో పెట్టినంత మాత్రాన డిస్కుకు మహత్తు రాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నవ్వకండి. మీరు బీరువాలో చీరల కింద దాచింది ఎప్పుడు తెరిచి చూశారు?

ఆమె ఓబులేసును ఎగాదిగా చూసింది.

“ఏమప్పా, గడ్డం కింద చెయ్యి పెట్టుకునేది నువ్వేనా? పేపర్లో ఇంకా వొళ్లుగా ఉంటివే.”

“నేనే అక్కా.”

“నువ్వు బెదిరించబట్టే వచ్చినా. పాత సాఫ్ట్‌వేర్‌కు ఇంగ రిపేర్లు రావు, దొంగలు దూరతారు అని రాస్తివి గదా. ఆ కొత్తదేదో వేసి పంపు.”

“వేస్తా. ముందు చెప్పు, బొమ్మలన్నీ ఇంకోచోట దాచుకున్నావా?”

“నువ్వు రాసినట్టే. శుక్రవారం దీపం పెట్టినాక ఇదే పని. మూడేండ్ల నుంచి. దీపమన్నా తప్పిందేమో గానీ ఇది తప్పలే.” ఆమె భరిణె మూత మీద తట్టింది. “డిస్కు కూడా శానా మంచిదప్పా. మా పక్కింటోళ్ల పెండ్లి ఫోటోలు ఎక్కేదానికి గంట పట్టె. నాది రెప్ప కొట్టేలోగా అయిపోతాది.”

మూలన కీబోర్డు దుమ్ము దులుపుతున్న అయ్యవారు ఆ మాటకు తలెత్తాడు. మళ్లీ దులపడంలో పడ్డాడు.

ఓబులేసు ఆషామాషీ మనిషి కాదు. గురువుగారి అలవాటు వంటబట్టినవాడు. డిస్కును ఆమె కంప్యూటర్‌కే తగిలించి, అందులో ఉన్న ఫోల్డర్‌ను తెరిచాడు. నాలుగు వందల పన్నెండూ బారులు తీరి ఉన్నాయి. “ఏది తెరవమంటావక్కా?” అన్నాడు. “హంసల అంచు. మా అత్త చెయ్యి అది” అందామె. తెరిచాడు. స్క్రీన్ నిండా హంసలు వచ్చి నిలబడ్డాయి, ఒకదాని తోక ఇంకొకటి చూసుకుంటూ.

“చూసినారా అయ్యవారూ? తీసి చూపించినా” అన్నాడు గర్వంగా. తర్వాత కంప్యూటర్ ఆపి, కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ తెరిచాడు. “పాతదాని మీదనే కొత్తది వేయొచ్చు గానీ అది గలీజు పనక్కా. అంతా తుడిచేసి వేస్తే కొత్త బండి మాదిరి ఉరుకుతాది.” స్క్రీన్ అడిగింది: ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సమ్మతమేనా? ఓబులేసు వేలు లేచింది.

“ఆపు” అన్నాడు అయ్యవారు. “చేతులు ఒళ్లో పెట్టుకో.”

అది టైపు క్లాసు నాటి ఆజ్ఞ. ముప్పై రెండేళ్ల కాలమిస్టు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. అయ్యవారు అతని వైపు చూడనే లేదు. చౌడమ్మ వైపు తిరిగాడు.

“అమ్మా చౌడమ్మా, కొత్త అట్టలు గుద్దించినాక నేరుగా చీర మొదలుపెట్టేస్తారా?”

“ఎవురన్నా పెడతారా అయ్యవారూ? పట్టు నాశనం గదా. జానెడు నేసి చూస్తాం.”

“నీ మగ్గం మీదనేనా?”

“అబ్బే! పక్కింటి మగ్గం మీద. మా వీధిలో అదే కట్టుబాటు. నా మగ్గం మీద ఎంత తప్పుడు అట్టయినా నాకు సరిగ్గానే వస్తాది. యాడ తప్పుండాదో చేతికి తెలుసు, అదే సర్దేస్తాది. నాకు తెలీకుండానే సర్దేస్తాది. ఇంకొకరి మగ్గం ఎక్కితే అట్ల గాదు. ఉండేది ఉన్నట్టే పడతాది. హంసకు ముక్కు వంకరుంటే వంకర…”

ఆమె మాట అక్కడ ఆగింది. డిస్కు వైపు చూసింది. ఎవరూ చెప్పకుండానే లేచి దాన్ని ఊడబెరికి, పక్క బల్ల మీద అయ్యవారి సొంత కంప్యూటర్‌కు తగిలించింది. ఫోల్డర్ కనిపించింది. రెండుసార్లు నొక్కింది. చిన్న పెట్టె ఒకటి వచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

“ఏమంటాది?” అంది.

ఓబులేసు చదివాడు. “ఇది చూపిస్తున్న చోటు ఈ కంప్యూటర్‌లో లేదంట.”

“నా బొమ్మలు?”

“ఇందులో లేవక్కా. ఎప్పుడూ లేవు.”

సంగతి ఇది. కంప్యూటర్ అమ్మినవాడు ఆమెకు సుళువుగా ఉంటుందని బొమ్మల ఫోల్డర్‌కు ఒక దారి గుర్తు, అదే షార్ట్‌కట్, చేసి స్క్రీన్ మీద పెట్టి పోయాడు. అది ఇల్లు కాదు, ఇంటికి దారి చూపే బోర్డు. మూడేళ్లుగా చౌడమ్మ ప్రతి శుక్రవారం దీపం పెట్టి ఆ బోర్డును భద్రంగా దాచుకుంటోంది. బోర్డును దాచడానికి రెప్పపాటు చాలదా మరి! సొంత కంప్యూటర్‌లో పెట్టి చూసినప్పుడల్లా అది పక్కనే ఉన్న ఇంటికి వేలు చూపింది, ఇల్లంతా కనబడింది. ఆమెకూ కనబడింది, కాలమిస్టుకూ కనబడింది.

“మూలన సన్న బాణం ఉంది చూడక్కా. అది దారి గుర్తని అర్థం” అన్నాడు ఓబులేసు మెల్లగా.

“చూస్తిని. ఎవురో అందానికి వేసినారనుకుంటి. నేనయితే బాణాన్ని అట్ల మూలన ఇరికించను.” ఆమె మనసు ఇంకా పూర్తిగా మాటలో లేదు. ఆ తర్వాత కోపం వచ్చింది. సంచిలోంచి మడతలు పడ్డ పేపరు ముక్క తీసి బల్ల మీద పరిచింది. గడ్డం, చెయ్యి, ఓబులేసు.

“ఇది మూడేండ్లు మా గోడకు అంటించి పెట్టుకున్నా. చదువుతా, ఇను. ‘స్క్రీన్ మీద కనిపించే మీ ఫోల్డర్‌ను మౌస్‌తో పట్టుకుని, డిస్కులోకి లాగి వదలండి. అంతే, ఇక నిశ్చింతగా నిద్రపోండి.’ పట్టుకుంటి, లాగితి, వదిలితి. నిద్ర గూడా పోతి. నా తప్పు యాడుందో చెప్పు.”

“రాసింది తప్పు కాదక్కా. నా కంప్యూటర్‌లో స్క్రీన్ మీద ఉండేది అసలు ఫోల్డరే. రాసేముందు మూడుసార్లు చేసి చూసినా…”

“నీ కంప్యూటర్‌లో!” అంది చౌడమ్మ.

ఓబులేసుకు చెవులు ఎర్రబడ్డాయి. తన వేలు ఎంత దూరంలో ఆగిందో అతనికి అప్పుడు తెలిసింది: గోరుమందం.

పెన్‌డ్రైవ్ తీసేసి, ఆమె కంప్యూటర్‌ను పాత పద్ధతిలోనే మళ్లీ తెరిచారు. ఈసారి బోర్డును కాదు, లోపలికి పోయి ఇంటినే డిస్కులోకి ఎక్కించారు. నలభై నిమిషాలు పట్టింది. స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత పొంగబోయే పాలలా మెల్లమెల్లగా పాకుతుంటే చౌడమ్మ కళ్లు తిప్పలేదు. ఓబులేసు టీ తెప్పిస్తానంటే “నీ టీ ఎవురికి కావల్ల, చూడనియ్యి” అంది. అయిపోయాక డిస్కును తనే తీసి, తనే అయ్యవారి కంప్యూటర్‌కు పెట్టింది. హంసలు వచ్చాయి, పరాయి స్క్రీన్ మీద కొంచెం పాలిపోయి, కానీ అన్నీ వచ్చాయి. ఆమె కొంగుతో స్క్రీన్ తుడిచి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది.

“ముక్కు వంకర లేదు” అంది. ఆ తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి ఇరవై బొమ్మలు తెరిపించింది. అప్పుడు గాని పాత కంప్యూటర్‌ను చెరపనివ్వలేదు. సమ్మతమేనా అని అది మళ్లీ అడిగినప్పుడు, ఓబులేసు చెయ్యి పక్కకు తోసి తనే నొక్కింది. సాయంత్రానికి బొమ్మలన్నీ డిస్కులోంచి వెనక్కి ఎక్కాయి, కంప్యూటర్ కొత్త బండి మాదిరే ఉరికింది. ఆ మాట మాత్రం అతను నిజమే చెప్పాడు.

శనివారం ఓబులేసు గురువుగారి దగ్గరికి వచ్చాడు, చేతిలో రెండు కాగితాలతో. ముఖం మళ్లీ వెలుగుతోంది. అలాంటి వాళ్లకు సిగ్గు ఒక్క రాత్రికి మించి నిలవదు, అదీ ఒక వరమే. “పాసిపోని సలహా దొరికింది అయ్యవారూ” అని నిలబడే చదివాడు. దాచుకోవడం భద్రత కాదని, దాచిన దాన్ని పరాయి కంప్యూటర్‌లో తెరిచి చూసుకోవడమే భద్రత అని, బాణం గుర్తున్న దాన్ని నమ్మవద్దని, క్షణంలో అయిపోయిన కాపీని అసలే నమ్మవద్దని. మాటలు బాగున్నాయి. ఎక్కడా తడబాటు లేదు.

అయ్యవారు కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

“నాకు బాగానే అర్థమైందప్పా” అన్నాడు. “అర్థం గాకుండా యాడికి పోతాది, నేను నీ సొంత మగ్గాన్ని. చౌడమ్మ ఇల్లు మూడో సందులో.”