కంచె కూల్చిన పేరు ఎవరికి?

1963 అక్టోబరు 14, సోమవారం. పొద్దున్నే తూర్పున మబ్బు కమ్మి సన్నని తుంపర పడింది. గాలి లేదు. మధ్యాహ్నానికి తుంపర ఆగి ఎండ వచ్చింది గాని, అది ఒంటికి తగలని నీరసపు ఎండ. జంతువుల కథకు తేదీ ఎందుకని మీరు అడగవచ్చు. వాటికి అక్కర్లేదు, నాకు కావాలి. తేదీ వేయని సంగతిని కొన్నాళ్ళు పోయాక ప్రతివాడూ తనదేనంటాడు.

ఆ రోజు కోనలో సభ జరిగింది. కోన అంటే రెండు కొండల నడుమ పల్లం. అడవిలో పుట్టినవీ, ఊళ్ళ నుంచి తాళ్ళు తెంపుకొచ్చినవీ అక్కడ కలిసి బతికేవి. ఉన్నది చిన్న పల్లమే అయినా దానికి కోనదేశమని పేరు పెట్టుకున్నాయి. మధ్యలో ఒక చెలమ, ఎండాకాలంలోనూ ఊరే తియ్యని నీళ్ళు. అక్కడ ముందు ఎవరు తాగాలన్న తగువు వచ్చి, తూర్పువాళ్ళు ఒక వరస ముళ్ళకంప వేశారు. పడమటివాళ్ళు ఊరుకుంటారా, ఇంకో వరస వేశారు. తాతలనాటి తగువు. తాతలు పోయారు, కంప పెరిగింది. చివరకు కంచె ఎంత మందమైందంటే చెలమనే మింగేసింది. నీళ్ళ కోసం పుట్టిన కంచె, అటువాళ్ళకూ ఇటువాళ్ళకూ నీళ్ళు లేకుండా చేసింది. రెండు దేశాలూ గుంటల్లో బురదనీళ్ళు తాగుతూ, ఎదుటివాళ్ళకు కూడా చెలమ దక్కలేదన్న సంతోషంతో బతికాయి.

ఎండిన కంప పుచ్చిపోతుంది కదా, అన్నేళ్ళు ఎలా నిలిచిందంటారా? దానికొక ఆచారం ఉండేది. పూటకంప అనేవారు. తెల్లవారగానే ఇంటికొకరు తుమ్మకొమ్మో రేగుకొమ్మో మోసుకొచ్చి కంచె మీద పడేసి పోవాలి. తూర్పునా అంతే, పడమటా అంతే. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ రెండు దేశాలూ ఈ ఒక్క పని మాత్రం ఒకే వేళకు, ఒకే తీరున చేసేవి. మానినవాడికి వెలి. తూర్పు కోన నక్క సోమలింగం ఒక్కడే రోజుకో జబ్బు చెప్పి తప్పించుకునేవాడు. పొద్దున పట్టిన నడుమునొప్పి ఎండ ఎక్కేసరికి ఎటు పోయేదో ఆ కొండలకే తెలియాలి.

అలాంటి కంచె, అంతకు ముందు వారం ముసురుకు చెలమ దగ్గర కుంగి, అక్కడి నుంచి అటూ ఇటూ ఒరిగి పడిపోయింది. కింద నల్లటి నేల బయటపడింది. కాలు సోకని నేల, వానకు గరిక అప్పుడే లేస్తోంది. మధ్యలో చెలమ. కంచెను ఎవరు కూల్చారో తేలితే ఆ నేల మీదా, చెలమ మీదా పెత్తనం వాళ్ళకేనని రెండు వైపులవాళ్ళూ ఒప్పుకున్నారు. తీర్పు చెప్పేది ఎలుగుబంటి పెద్దయ్య. అతని గుహ సరిగ్గా కంచె కొసన ఉండేది గనక తూర్పువాళ్ళు తమవాడనుకునేవారు, పడమటివాళ్ళు తమవాడనుకునేవారు. పెద్దయ్య ఎవరినీ కాదనలేదు.

సభకు ఎడంగా, ఒక బండ మీద మేక మాచమ్మ నిలబడింది. దగ్గరికి రావడానికి లేదు, ఆమె వెలిలో ఉంది. కరువు ఏడాది ఆమె మొగుడు లచ్చయ్య తూర్పు కోనను వదిలి పడమటికి పారిపోయాడని అన్నారు. పారిపోయినవాడి పెళ్ళానికి మందలో మేత లేదు, నలుగురితో కలిసి నీళ్ళు లేవు. కంచె కూలింది గాని వెలి కూలలేదు. చెలమ ఎవరి చేతికి వస్తుందో వాళ్ళు సరేనంటేనే ఆమె అక్కడ మూతి పెట్టాలి. కొండ మీద రాతి సందుల్లో ఊరే తడిని నాకుతూ ఇంకో ఎండాకాలం గట్టెక్కడం తనవల్ల కాదని ఆమెకు తెలుసు.

"ముందు నేను చెబుతాను," అన్నాడు పడమటి కోన పుంజు పర్వతాలు. తూర్పు కోన ఎద్దు గంగన్న మూపురం మీద కూర్చుని మాట్లాడుతున్నాడు. నక్క ఎదురుగా ఉండగా నేల మీదికి దిగే అలవాటు అతనికి లేదు. "కంచె మన కాళ్ళను ఆపింది గాని నా గొంతును ఆపిందా? నేను పడమట కూస్తే తూర్పున ఆఖరి గుడిసె దాకా వినపడేది. రెండు కోనలనూ కలిపింది ఈ గొంతే. పేరు నాది."

"నీ కూతకు నా నిద్ర పాడయ్యేది, కంప పాడవలేదు," అన్నాడు గంగన్న, పైనున్నవాడు పడకుండా మెల్లగా తల తిప్పి. "బరువుకు విరుగుతుంది గాని అరుపుకు విరుగుతుందా అబ్బాయ్? రోజూ సాయంత్రం వెళ్ళి దానికి ఆనుకునేవాణ్ణి. తోసేవాణ్ణి కాదు, ఆనుకునేవాణ్ణి. ఓపిగ్గా. ఎన్నేళ్ళు ఆనుకున్నానో నాకే గుర్తు లేదు."

"దురద పుట్టి ఆనుకున్నావేమో మావా!" అన్నాడు సోమలింగం.

సభ గొల్లుమంది. గంగన్నకు కోపం వచ్చింది గాని, ఎద్దుకు వచ్చిన కోపం మాటగా మారేలోపు నక్క రెండు ఉపన్యాసాలు చెప్పగలదు.

"పెద్దయ్యా, ఒకరు గొంతంటారు, ఒకరు బరువంటారు," అన్నాడు సోమలింగం ముందుకొచ్చి. ఎందుకో కాస్త బిగుసుకుని నడుస్తున్నాడు. "ఇది తెలివితో అయిన పని. కంప సందుల్లోంచి అటువైపు పెద్దలతో నేనెన్ని మంతనాలు చేశాను! ఈ కంచె నేల మీద కూలింది మొన్న. మనసుల్లో ఎప్పుడో కూలింది. కూల్చింది నేను."

"అటువైపు పెద్దలెవరు బావా?" అన్నాడు పర్వతాలు. "మాట్లాడింది నాతోనే కదా. మా పెట్టల్లో బాగా ఒళ్ళు చేసింది ఏదని అడిగావు."

"యోగక్షేమాలు కనుక్కోవడం తప్పా?"

నేను కాలేజీలో చరిత్ర చదువుకునే రోజుల్లో మా లెక్చరరుగారు సామ్రాజ్యాల పతనానికి కారణాలు రాయించేవారు. అన్నీ వరసగా రాసినవాడికి మంచి మార్కులు. పడగొట్టినవాళ్ళ పేర్లన్నీ కంఠతా వచ్చేవి మాకు. అన్నాళ్ళూ అవి ఎలా నిలిచాయన్న ప్రశ్న ఒక్క పరీక్షలోనూ రాలేదు. వచ్చినా రాయగలిగేవాళ్ళం కాదనుకోండి. సరే, సభ సంగతికి వస్తాను.

వాదన ఎటూ తేలలేదు. తూర్పు పందులు తమ ముట్టెలతో కంచె వేళ్ళు పెకలించామన్నాయి. కంచెకు వేళ్ళుంటాయా అని పడమటి కుందేళ్ళు నవ్వాయి. పెద్దయ్యకు ఆవలింతలొస్తున్నాయని చూసి సోమలింగం అసలు సంగతి బయటికి తీశాడు.

"మాటలెందుకు పెద్దయ్యా? సాక్ష్యం చూడండి. ముళ్ళకంచెను కూల్చినవాడికి ముళ్ళు గుచ్చుకోకుండా ఉంటాయా? ఎవరి ఒంటి మీద ఎక్కువ గాట్లుంటే వారిదే పేరు."

ఇది అందరికీ నచ్చింది. గాట్లు లేనివాడు ఆ కోనలో లేడు మరి.

సోమలింగం గిరుక్కున తిరిగి వీపు చూపించాడు. మెడ నుంచి తోక దాకా గీతలే, కొన్నింటి మీద నెత్తురు ఇంకా ఆరలేదు. "అయ్యో!" అన్నాయి కుందేళ్ళు. గంగన్న మాత్రం తక్కువ తిన్నాడా, అడ్డంగా తిరిగి నిలబడ్డాడు. మూపురం నుంచి తుంటి వరకు పాత మచ్చలు, బోడి బోడిగా, వెంట్రుక మొలవని చారలు. పర్వతాలు రెక్కలెత్తి నడుము మీది ఈకలు విడదీశాడు. "చిన్న ప్రాణం గనక చిన్న గాట్లు. ఒంటితో పోల్చి లెక్కలోకి తీసుకోవాలి," అన్నాడు. పందులు తిరిగాయి. కుందేళ్ళు తిరిగాయి. గేదెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరిగాయి. పెద్దయ్యకు ఒక్క మొహమూ కనపడలేదు. సభంతా వీపులే.

"పెద్దయ్యా, ఒక మాట అడగవచ్చా?" అంది బండ మీది నుంచి మాచమ్మ.

"వెలిలో ఉన్నదానికి సభలో మాటేమిటి?" అన్నాడు సోమలింగం, వీపు తిప్పకుండానే.

"అడగనీరా. అడిగితే పోయేదేముంది?" అన్నాడు పెద్దయ్య.

"కంపలోకి దూరి, తోసుకుంటూ పోయినవాడికి ముల్లు ఎక్కడ దిగుతుంది?"

"ఎక్కడేమిటి తల్లీ, నుదుటి మీద. ఆ తర్వాత రొమ్ము మీద."

"మరి వీపు మీద ఎప్పుడు దిగుతుంది?"

జవాబు గంగన్న చెప్పాడు. నిదానంగా ఆలోచించేవాడు గనక, ఆ మాట ఎక్కడికి పోతుందో చూసుకోకుండా చెప్పేశాడు.

"కంప మోసేటప్పుడు."

ఒక్కొక్కరే, తొందర లేనట్టు నటిస్తూ, ముందుకు తిరగసాగారు. ముందుకు తిరిగితే ఎదుటివాడి మొహం కనపడుతోంది. అది ఇంకా కష్టంగా ఉంది. పుంజు ఈకలు సర్దుకున్నాడు. తన కూత ఇన్నాళ్ళూ రెండు కోనలనూ నిద్ర లేపింది దేనికోసమో అతనికప్పుడు గుర్తొచ్చినట్టుంది.

సోమలింగం ఒక్కడే గోల పెట్టాడు. "అన్యాయం! నేనేనాడూ కంప మొయ్యలేదు! మీలో ఎవరినైనా అడగండి. ఒక్క కొమ్మ మోసి ఉంటే నా తోక తెగ్గొయ్యండి!"

"మరి ఈ గాట్లేమిటి బావా? అన్నిటికంటే నీకే ఎక్కువున్నాయి," అన్నాడు పర్వతాలు.

"అవి... నిన్న సాయంత్రం..."

"నిన్న సాయంత్రం?"

"పడిపోయిన కంపలో పొర్లానయ్యా! చాలా?"

నవ్వు వచ్చింది గాని సగంలోనే ఆగిపోయింది. మోసినవాళ్ళు మొయ్యనివాణ్ణి చూసి నవ్వడానికి లేదు. అబద్ధం కోసం వాడు తెచ్చుకున్న గాయాలు తమ ఒంటి మీద నిజంగా ఉన్నాయి. వాడి ఎత్తూ బెడిసికొట్టింది. చెయ్యని మంచికి పేరు కోరి, చెయ్యని తప్పుకు గుర్తులు ఒంటి మీద వేసుకున్నాడు.

"నుదుటి మీద గాట్లున్నవాడు ఒకడున్నాడు," అంది మాచమ్మ. బండ దిగి సభ మధ్యకు వచ్చింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. "కంచె కూలిన రోజు పడమటి కోనంతా వెతికాను. లచ్చయ్య అక్కడికి ఎన్నడూ రాలేదన్నారు. తిరిగొస్తుంటే చెలమ పక్కన కంప కింద కొమ్ములు కనపడ్డాయి. ఆ కరువులో నేను ఈనాను. పొదుగులో చుక్క పాలు లేవు. నాకు నీళ్ళు తేవాలని దూరాడు. మీరు పారిపోయాడన్నారు. తల చెలమ వైపే ఉంది. ఇంకాస్త జరిగి ఉంటే మూతి అందేది. దారి అంతవరకూ చేశాడు."

"అందుకా!" అన్నాడు గంగన్న. "అక్కడ ఎంత వేసినా కుంగేది. కింద బోలుగా ఉండేది. కంచె మొదట పడిందీ అక్కడే."

"ఎముకల మీద కంప వరసలు వరసలుగా ఉంది అన్నా. అది ఎవరు వేశారు?"

ఒక గేదె గొణిగింది. "నేను వెళ్ళేసరికి అరుపు సన్నబడిపోయింది. గాలేమో అనుకున్నాను."

"మాకూ వినపడింది," అన్నాడు పర్వతాలు. మూపురం దిగి నేల మీద నిలబడ్డాడు, నక్క పక్కనే. "తూర్పువాడు గదా, తూర్పువాళ్ళే చూసుకుంటారనుకున్నాం."

"మేము చూశాం," అన్నాడు గంగన్న. "నా ముందు పంది వేసింది. పంది ముందు ఎవరో వేశారు. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. నా వెనక ఇంకా చాలామంది ఉన్నారు మాచమ్మా. ఆగితే ఏమనుకుంటారోనని..."

"నీ కేసి చూశాడా?"

గంగన్న పెద్ద తల నేలకు ఆనేంత కిందికి వాలింది.

అందరూ పెద్దయ్య వైపు చూశారు. తీర్పు చెబితే ఈ క్షణం గడిచిపోతుందని వాళ్ళ ఆశ. పెద్దయ్య లేచాడు. లేచి వెనక్కి తిరిగి, గోళ్ళతో వీపు మీది బొచ్చు విడదీశాడు. ఒత్తు బొచ్చులో అన్నేళ్ళూ ఎవరికీ కనపడని చారలు, గంగన్న వీపు మీదివాటికంటే లోతైనవి, ఆ నీరసపు ఎండలో తేటగా కనపడ్డాయి. పొద్దున్నే తూర్పు కోసం ఒకటి, చీకటి విడకముందే పడమటి కోసం ఒకటి. రెండు వైపులవాళ్ళకూ మంచివాడు కావాలంటే రెండు కొమ్మలు మొయ్యాలి.

"నేను తీర్పు చెప్పడానికి తగను," అన్నాడు వెనక్కి తిరిగే ఉండి. "కంచె కూలిందని పేరు అడిగేముందు, అది ఎవరి వీపుల మీద నిలిచిందో చూసుకోవాలి. ఇంతకంటే నాకు తెలియదు."

ఆ తర్వాత చెప్పుకోవలసినంత మాటలు జరగలేదు. వెలి తీసేశామని ఎవరో అన్నారు. ఎవరు వేశారని ఆమె అడగలేదు. పంపకం తలలెత్తకుండానే ముగిసింది. నల్లనేల, చెలమ మాచమ్మకు. ఆమె వద్దనలేదు, సంతోషమూ అనలేదు. వెళ్ళి కడుపునిండా తాగింది. తాగడానికి వచ్చినవాళ్ళెవరినీ ఆపలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. గంగన్నకూ, పందులకూ, గేదెలకూ మిగిలిన కంపంతా తిరిగి మోసి కోన బయట పారేసే పని వచ్చింది. పర్వతాలుకు చెప్పడానికి తెల్లవారుజాము మిగిలింది గాని, చాలారోజుల వరకు గొంతు పెగలలేదు. పెద్దయ్యకు గుహ మిగిలింది, రెండు వైపులా ఎవరూ అతణ్ణి తమవాడనలేదు. సోమలింగానికి చీము పట్టిన వీపు. లచ్చయ్యకు ఏమీ రాలేదు.