రాజుగారి చింతగింజల విందు

వెనకటికి గంధవరమని ఒక రాజ్యం ఉండేది. దాన్ని రణభీముడనే రాజు ఏలేవాడు. పేరుకి తగ్గ యుద్ధం ఒక్కటీ చేయలేదు గానీ, ఆయన గొప్పలకి మాత్రం కొదవలేదు.

ఆ రాజు కోట ముందు ఆటల మంటపం కట్టించాడు. లోపల పులిజూదం ఆడుకోవచ్చు. అయితే అక్కడ డబ్బు చెల్లదు. గుమ్మం దగ్గర వెండి నాణెం ఇచ్చి, రాజముద్ర వేసిన ఎర్రటి లక్కబిళ్ళలు పది పుచ్చుకోవాలి. ఒక ఆటకి ఏడు బిళ్ళలు. మిగిలిన మూడింటితో ఆట రాదు, తిరిగి ఇస్తే నాణెమూ రాదు. అవి దండగైపోతాయని జనం మళ్ళీ పది కొనేవారు.

బొక్కసం నిండింది. ఊళ్ళో పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

ఒక సాయంత్రం ఆస్థాన విదూషకుడు పోలన ఇంటికి చౌడమ్మ వచ్చింది. ఆమె భర్త ఓబులేసు ఒకప్పుడు పేరున్న నేతగాడు.

"అయ్యా, నా మెడలో పుస్తెలు కూడా ఆ మంటపానికే పోయాయి. ఇంక మిగిలింది మగ్గం. ఎల్లుండి దాన్నీ అమ్మేస్తానంటున్నాడు. అదీ పోతే పిల్లలకి గంజి కూడా ఉండదు" అంది. ఆమె ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా పోయినట్టుంది.

పోలనకి గుండె బరువెక్కింది. రాజుకి ఎదురు చెబితే తల ఎగిరిపోతుంది. "చూద్దాంలేమ్మా" అని మాత్రం అన్నాడు.

మర్నాడు పట్టాభిషేకం పండుగ. ఏటా ఆ రోజు రాజు ఒక కొలువుకాడి ఇంట భోంచేయడం ఆనవాయితీ. విస్తరి ముందు కూర్చున్న రాజు అరకడుపుతో లేస్తే రాజ్యానికి కీడని అందరి నమ్మకం. ఆ ఏడాది వంతు పోలనది.

రాజు పరివారంతో వచ్చాడు. పోలన గుమ్మంలోనే చేతులు జోడించాడు.

"ప్రభూ, ఇవాళ మా ఇంట తమ మంటపం పద్ధతే పెట్టాం. ఉంగరం ఇప్పిస్తే పది రంగు చింతగింజలు ఇస్తాను. వడ్డనకి ఏడు."

"నా పద్ధతి ఇంటింటా పాకిందన్నమాట!" అని రాజు పొంగిపోయి ఉంగరం తీసిచ్చాడు.

పప్పన్నం అయింది. పులుసు రాబోతే గింజలు చాలలేదు. రెండో ఉంగరం ఇచ్చాడు. వేపుడు ఘుమఘుమలాడింది, భుజకీర్తి పోయింది. మిగిలిన గింజలకి గారెలు వచ్చాయి. బూరెలు రాగానే ముత్యాలహారమూ పోయింది. రాజు రంగు గింజల్ని హుషారుగా విసురుతూనే ఉన్నాడు. తీరా పెరుగన్నం వేళకి చేతిలో ఐదు గింజలున్నాయి, ఒంటిమీద నగ ఒక్కటీ లేదు.

"పెరుగు వెయ్యవోయ్."

"ఏడు కావాలి ప్రభూ. కిరీటం ఇప్పిస్తే..."

"ఈ ఐదూ తీసుకుని నా ఉంగరం ఒక్కటి తిరిగి ఇవ్వు!"

"గింజలు మళ్ళీ నగలు కావు ప్రభూ. అది తమరు పెట్టిన నియమమే."

"ఓరి దొంగా! నా సొమ్మంతా లాక్కుంటావా?"

"నేను లాక్కోలేదు, తమరే ఇచ్చారు. హారమే చేతిలో ఉంటే బూరెల కోసం ఇచ్చేవారా? గింజలు కాబట్టి విసిరేశారు. తమకి కిరీటమైనా మిగిలింది ప్రభూ. నేతగాడు ఓబులేసు భార్యకి పుస్తెలు కూడా మిగల్లేదు."

రాజు చేయి కత్తిమీదికి పోయింది. లేద్దామంటే కడుపు నిండలేదు. రాజు అరచేతిలోని గింజల వంక చూశాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు.

"నా ఉచ్చులో నన్నే పడేశావు కదోయ్! మంటపం మూయించండి. ఆ హారం వీడికే బహుమానం!"

అందరూ నవ్వారు. బొక్కసంలో చేరిన సొమ్ము మాట ఎవరూ ఎత్తలేదు. పోలన నవ్వలేదు.

ఆ సాయంత్రమే అతను నేతవాడకి వెళ్ళి హారాన్ని చౌడమ్మ చేతిలో పెట్టాడు. "పుస్తెలు చేయించుకోమ్మా. మిగిలినదానితో నూలు కొనుక్కోండి. మంటపం మూతపడింది."

ఓబులేసు మగ్గానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ముత్యాలు చూడగానే అతని కళ్ళలోకి ప్రాణం వచ్చింది. దగ్గరికి జరిగి, ఆశగా పోలనని అడిగాడు.

"దీనికి ఎన్ని బిళ్ళలు వస్తాయండీ?"

చౌడమ్మ హారాన్ని కొంగున ముడేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.