నక్కల సంఘం తెచ్చిన తుమ్మబంక చట్టం

నల్లబండ అడవిలో నక్కలన్నీ వకీళ్ళే. అక్కడ నక్కపిల్ల కళ్ళు తెరవకముందే వాయిదా అడగడం నేర్చుకుంటుందని జంతువులు నవ్వుకునేవి. వాగు పక్కన చదునుబండ మీద సింహం రాజుగారు కూర్చుని తగువులు తీర్చేవారు. నక్కలకు ఒక సంఘం, సంఘానికి వాగీశం అనే అధ్యక్ష నక్క ఉండేవాడు. ఒళ్ళు పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది.

సంఘానికి దిగులల్లా ఒకటే, కేసులు లేవు. జంతువులు ఎవరి గోడు వాళ్ళే చెప్పుకునేవి. చెప్పుకోవడం చేతకాని వాళ్ళ తరఫున కోటమ్మ అనే కాకి వచ్చి ఊరికే మాట్లాడిపెట్టేది.

ఇలాగైతే బతకలేమని సంఘం మహాసభ పెట్టి తీర్మానం చేసింది. దానికి 'ప్రజాహిత తీర్మానం' అని పేరు పెట్టింది. సంఘాలు తమ కడుపు గురించి తీర్మానం చేసుకున్నప్పుడల్లా అదే పేరు పెడతాయి, మీరెప్పుడైనా గమనించారో లేదో! దాన్ని పట్టుకుని వాగీశం రాజుగారి దగ్గరికి వెళ్ళాడు.

"ప్రభూ, బాధపడేవాడు ఆవేశంలో మాట్లాడతాడు. ఆవేశంలో అబద్ధాలు దొర్లుతాయి. కాబట్టి తగువులో వాటా ఉన్నవాడెవడూ ఆ తగువులో నోరు విప్పకూడదు. వాటా లేని నక్కే మాట్లాడాలి."

"మరి ఆ కాకి?"

"దానికి చదువేదీ? సంఘంలో సభ్యత్వమేదీ? పాపం, జనాన్ని ఆ కాకి నుంచి కాపాడాలనే మా తాపత్రయమంతా!"

"కాదని నోరు విప్పితే?"

"మూతికి తుమ్మబంక పూయించండి. ఎండి రాలేదాకా అదే శిక్ష," అన్నాడు వాగీశం తడుముకోకుండా.

రాజుగారికి మధ్యాహ్నం కునుకు ముఖ్యం. గోల తగ్గుతుందంటే దేనికైనా తల ఊపేస్తారు. ఊపేశారు. మర్నాటి నుంచి బంట్రోతు ఎలుగుబంటి బంక దొప్ప పట్టుకుని బండ పక్కన నిలబడింది.

సంఘానికి పండగే పండగ. గడ్డి తగువు పెట్టుకుని కుందేలు వస్తే, "ఫీజు కింద గడ్డి నాకెందుకమ్మా?" అంటూ వకీలు దాన్ని కిందికీ పైకీ చూశాడు. కుందేలు తగువూ వద్దు గడ్డీ వద్దని పరుగో పరుగు. ఎండకాలం పోయేసరికి నక్కలందరికీ పొట్టలొచ్చాయి. పొట్టలొచ్చాక ఆఫీసు కావాలనిపించింది.

ముళ్ళపంది సూరమ్మకు గట్టు కింద చక్కటి బొరియ ఉండేది. ఒకరోజు పిల్లల్ని వెంటబెట్టుకుని దుంపలు తవ్వుకోవడానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి గుమ్మంలో వాగీశం కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"అయ్యా వకీలుగారూ, ఇది నా ఇల్లు!"

"ఇది సంఘం ఆఫీసు. కావాలంటే కేసు వేసుకో."

"నా తరఫున ఎవరు మాట్లాడతారు?"

"ఏదైనా నక్కను అడుగు," అని వాగీశం పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

సూరమ్మకు ఒళ్ళు మండిపోయింది. పైన తొలకరి మబ్బులు కమ్ముకుంటున్నాయి. పిల్లల ముళ్ళు ఇంకా మెత్తగానే ఉన్నాయి, వానలో బయట పడుకుంటే బతకవు. ఆ భయం పైకి కనబడనీయకుండా అడిగింది.

"నా కొంప ముంచింది మీరొక్కరేనా, అందరూనా?"

తనొక్కడి మీదికి వస్తుందేమోనని వాగీశం కంగారుపడ్డాడు. "నేనొక్కణ్ణా? ఇందులో ప్రతి నక్కకూ వాటా ఉంది. నిన్న పుట్టిన కూనకు కూడా!"

"వాటా లేని నక్క ఒక్కటీ లేదంటారు?"

"వెతికినా దొరకదు!"

"సరే బాబూ, ఆ మాట మీద ఉండండి," అని సూరమ్మ వెనుదిరిగింది.

కొమ్మ మీంచి అంతా వింటున్న కాకి కోటమ్మ కిందికి దిగింది. "అదేంటి వదినా, అంత తేలిగ్గా వచ్చేశావు?"

"రేపు బండ దగ్గరికి రా కోటమ్మా. నోరు మాత్రం మూసుకుని చూడు."

ఆ అడవిలో ఫిర్యాదుకు నోటితో పనిలేదు. మర్నాడు సూరమ్మ బొరియ మట్టి గుప్పెడు, తన ముల్లు ఒకటి, నక్క బొచ్చు కాస్త తెచ్చి బండ మీద పెట్టింది. నక్కలన్నీ కూడి వచ్చాయి. వాగీశం గొంతు సవరించుకున్నాడు.

"ఆగు. ముందు వాటాల సంగతి తేలాలి," అన్నారు రాజుగారు. "ఈ బొరియ ఎవరిదంటావు?"

"మా నక్కలందరిదీ ప్రభూ!" అన్నాడు వాగీశం ఛాతీ విరుచుకుని. "వాటా లేని నక్క ఈ అడవిలోనే లేదు!"

"అలాగా. అయితే నువ్వు మాట్లాడకూడదు."

"ప్రభూ?"

"వాటా ఉన్నవాడు నోరు విప్పకూడదని నువ్వే కదయ్యా అన్నావు? వాటా లేని నక్కను పిలువు."

వాగీశం వెనక్కి తిరిగి చూశాడు. నక్కలన్నీ నేల చూపులు చూశాయి.

"అది వేరు ప్రభూ, సంఘం అంటే..."

ఎలుగుబంటి దొప్పలో బంక కలుపుతూ ఒక అడుగు ముందుకేసింది. వాగీశం నోరు టక్కున మూతపడింది. సూరమ్మ ఎలాగూ మాట్లాడకూడదు.

"ఇదేం ఖర్మరా, చెప్పేవాడే లేడు!" అని రాజుగారు ఆవులిస్తూ లేచారు. "పదండి, నేనే చూస్తాను."

రాజుగారు గుమ్మంలో వంగి తొంగిచూస్తే, బొరియ గోడల నిండా ముళ్ళు గుచ్చుకుని ఉన్నాయి. ఆ ముళ్ళు సంఘం రాతపని కోసం తెప్పించినవని చెప్పాలని వాగీశం తెగ తాపత్రయపడ్డాడు. గోడ మీది ముల్లు చూపించి, గాల్లో రాస్తున్నట్టు చెయ్యి ఆడించాడు.

"ఏంటి, గుచ్చుకుందా? పాపం," అన్నారు రాజుగారు. "పరాయి ఇంట్లో దూరితే గుచ్చుకోదూ?"

ఈలోగా వాన చినుకులు మొదలయ్యాయి. సూరమ్మ పిల్లలు ఎవరినీ అడగకుండా రాజుగారి కాళ్ళ మధ్య నుంచి లోపలికి దూరి, ఎప్పుడూ పడుకునే మూలన ముడుచుకున్నాయి. రాజుగారు వాటిని చూసి, నక్కలను చూసి, "పొండి బయటికి!" అని ఒక్క గర్జన గర్జించారు. సూరమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చేసింది.

కథ అక్కడితో అయిపోలేదు. కాకి కోటమ్మకు ఉపాయం తెలిసిపోయింది కదా, అడవంతా తిరిగి అందరి చెవినా వేసింది! ఆ పైన అడవిలో ఎవరు తగువు పడ్డా, ముందు నక్కలందరికీ కాస్త వాటా రాసిచ్చేవాళ్ళు. చెట్టు తగువైతే ఒక ఆకు, గూటి తగువైతే ఒక పుల్ల. దాంతో నక్కలన్నీ వాటాదారులై నోరు మూసుకునేవి. రాజుగారే లేచివెళ్ళి కళ్ళతో చూసి తీర్పు చెప్పేవారు. ఆయన పొట్టా కొంచెం తగ్గింది.

ఆకులూ పుల్లలూ తిని బతకలేక, వాగీశం మళ్ళీ రాజుగారి దగ్గరికి పరుగెత్తాడు. "ప్రభూ, ఆ చట్టం వెంటనే రద్దు చెయ్యాలి. ప్రజాహితం కోసం!"

"రద్దు చేస్తే ఎవరికి లాభం?"

అలవాటు కొద్దీ వాగీశం ఛాతీ విరుచుకున్నాడు. "మా నక్కలందరికీ ప్రభూ!"

రాజుగారు ఎలుగుబంటి వైపు చూశారు. ఎలుగుబంటి దొప్ప తీసుకుని వచ్చింది, బంక ఈసారి బాగా చిక్కగా ఉంది.

నీతి: ఊరందరి నోటికీ తాళం వేయించేవాడు, తన నోరు కూడా ఆ ఊళ్ళోనే ఉందని గుర్తుపెట్టుకోవాలి.