మూడు వందలవ కోడి

ఎర్రకొండపాడులో తెలివిగలవాళ్ళెవరని అడిగితే తలా ఒక పేరు చెబుతారు. భూషణాన్ని అడిగితే మాత్రం మూడు పేర్లు చెబుతాడు. ఒకటి తనది, రెండోది తమ్ముడు పేరయ్యది, మూడోది చిన్నతమ్ముడు సింహాద్రిది.

"ఎవరేం చెప్పినా జనం అందులో తమ సొంత ఊహ ఒకటి కలుపుతార్రా. పని చెడేది అక్కడే. మనం కలపం," అనేవాడు భూషణం. తమ్ముళ్ళిద్దరూ తలలూపేవాళ్ళు.

నిజమే, కలిపేవాళ్ళు కాదు. ఒకసారి పోస్టుమాస్టరు గారు తన కొత్త అల్లుడు ఊరికి వస్తున్నాడని, "బస్సొచ్చిందేమో చూసి రా" అని భూషణాన్ని పంపారు. భూషణం వెళ్ళాడు, బస్సును ముందూ వెనకా చూశాడు, తిరిగొచ్చి "వచ్చిందండీ" అన్నాడు. అంతే. అల్లుడు గారు పెట్టె నెత్తిన పెట్టుకుని, దారి అడుక్కుంటూ, ఎండలో గంట తిరిగి అత్తారింటికి చేరారు. అప్పట్నుంచి ఊళ్ళో అందరూ ఆ అన్నదమ్ములకు పని చెప్పడం మానేశారు. భూషణానికి పైకి చెప్పుకోలేని బాధ ఏదైనా ఉందంటే అదొక్కటే.

తల్లి లేని ఆ ముగ్గుర్నీ పెంచింది మేనత్త నరసాయమ్మ. ఊరి చివర ఆవిడకు బ్రాయిలర్ కోళ్ళ షెడ్డు ఉంది, సరిగ్గా మూడు వందల కోళ్ళు. రోహిణి కార్తె మొదలైన రోజునే ఆవిడకు కాకినాడలో కంటి ఆపరేషను పడింది. ఎనిమిది రోజులు ఊళ్ళో ఉండదు. షెడ్డు చూడ్డానికి వేరే మనిషి దొరకలేదు. దొరికి ఉంటే ఈ కథ లేదు.

"ఒరే భూషణం," అంది నరసాయమ్మ బస్సెక్కే ముందు, "నేనొచ్చేసరికి మూడు వందలూ బతికుంటే ఈ తాళంచెవి మీదే. షెడ్డు మీకే వదిలేస్తాను. అందాకా తాళం తీసే ఉంటుంది. ఒక్కటి తగ్గినా ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాను. నేను మిమ్మల్ని ఎట్లా పెంచానో వాటినీ అట్లాగే చూసుకోండి."

భూషణం గుండె ఉప్పొంగింది. అయిదేళ్ళ తర్వాత ఒక మనిషి తనకు పని చెప్పింది.

ఆ ఎండకు కోళ్ళు తట్టుకోవడం కష్టమని తెలిసి, ముగ్గురూ పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ ప్రమీల గారు ఓపికగా చెప్పారు. "ఉసిరికాయ ముక్కలు, తులసి, తిప్పతీగ నీడన ఆరబెట్టండి. మర్నాటి నుంచి నాలుగు బిందెల నీళ్ళలో వేసి ఒక బిందె అయ్యేదాకా కషాయం కాచండి. తెల్లవారుజామున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి తాగించండి. ఏడు రోజులు. ఏ కోడికీ ఒక్క పూట కూడా తప్పకూడదు. ఎండదెబ్బ నుంచి అది కొంత కాపాడుతుంది. కోళ్ళు నోళ్ళు తెరుచుకుని రొప్పాయంటే ప్రమాదం. నోళ్ళు తెరవకుండా చూసుకోండి."

"అక్షరం పొల్లు పోదు డాక్టరమ్మా," అన్నాడు భూషణం.

ఇంకేముంది, ఇంటికొచ్చి నీడ కోసం బయల్దేరారు.

"ఇంట్లో ఆరబెడదామా అన్నయ్యా?" అన్నాడు సింహాద్రి.

"ఇంట్లో నీడెక్కడుందిరా? ఎండ పడితే కదా నీడ పడేది. ఇంట్లో ఉన్నది కప్పు."

ఆ మాటకు తమ్ముళ్ళిద్దరూ అన్నను గర్వంగా చూశారు. పెరట్లో ఉన్న మునగచెట్టు నీడలో చాప పరిచి ఆకులు పోశారు. గంటకల్లా నీడ జరిగింది. చాప జరిపారు. నీడ మళ్ళీ జరిగింది. మళ్ళీ జరిపారు. నడినెత్తిన సూర్యుడొచ్చేసరికి మునగనీడ జల్లెడలా మిగిలింది. అప్పుడు ముగ్గురూ చాప చుట్టూ వంగి నిలబడి తమ నీడే ఆకుల మీద పట్టారు. సింహాద్రి నీడ కాస్త సన్నం. పేరయ్య వాణ్ణి లోపలికి వెళ్ళి రెండు చెంబుల మజ్జిగ తాగి రమ్మన్నాడు. సాయంత్రానికి ఆకులు ఆరాయి. వాటికంటే ముందు వీళ్ళు ఆరారు.

మర్నాడు కోడి కూయకముందే కషాయం పని మొదలైంది. గంగాళంలో నాలుగు బిందెల నీళ్ళు పోసి పొయ్యి వెలిగించబోతుంటే పేరయ్యకు ఒక ఆలోచన తట్టింది.

"అన్నయ్యా, నాలుగు బిందెలు ఒక బిందె కావాలి. అంతేనా?"

"అంతే."

పేరయ్య మూడు బిందెల నీళ్ళు ముంచి కాలవలో పోశాడు. "అయింది," అన్నాడు. పుల్లలు ఖర్చు కాలేదు, పొగ లేదు, కళ్ళు మండలేదు. "ఊళ్ళోవాళ్ళయితే మధ్యాహ్నందాకా ఊదుతూ కూర్చునేవాళ్ళు," అని ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ ఒక బిందె చన్నీళ్ళలో ఆకులు వేసి కలిపారు.

తాగించడం ఎలాగన్నది ఆలోచించాల్సిన పనే లేదు. అత్త చెప్పనే చెప్పింది. చిన్నప్పుడు ప్రతి ఆదివారం ఆవిడ వీళ్ళకు ఆముదం పట్టేది. ఒకరు కాళ్ళు పట్టుకోవాలి, ఒకరు ముక్కు మూయాలి, ఉగ్గుగిన్నెతో పోసి, మింగాక నాలిక మీద బెల్లం ముక్క పెట్టాలి. ఉమ్మితే వీపు మీద ఒకటి వేసి "నీ మొహం మండా" అనాలి.

సింహాద్రి కాళ్ళు పట్టాడు. పేరయ్య ముక్కు రంధ్రాలు మూశాడు. భూషణం ఉగ్గుగిన్నె పట్టాడు. మొదటి కోడి మింగింది. రెండోది ఉమ్మింది.

"నీ మొహం మండా," అన్నాడు భూషణం మెల్లగా, కోడి మీద కోపం లేకపోయినా, పద్ధతి తప్పకూడదని.

ఎనిమిదయ్యేసరికి నలభై ఒక్క కోళ్ళయ్యాయి. ఇంకా రెండు వందల యాభై తొమ్మిది ఉన్నాయి. ఎండ రేకుల మీదికెక్కింది. చేతులకు దొరక్కుండా షెడ్డంతా పరుగెత్తిన కోళ్ళు రెక్కలు జారేసి ఒక్కొక్కటే నోరు తెరవడం మొదలుపెట్టాయి.

"అన్నయ్యా, నోళ్ళు తెరిచాయి," అన్నాడు సింహాద్రి.

భూషణానికి తాళంచెవి కళ్ళ ముందు కదిలింది. నోళ్ళు తెరవకుండా చూడమన్నారు డాక్టరమ్మ. అంతే, పేరయ్య పరుగెత్తి అరటినార తెచ్చాడు. ముగ్గురూ కూర్చుని పూలు కట్టినట్టు ముక్కులు కట్టసాగారు.

"మరి ముక్కు కట్టేస్తే సాయంత్రం మందెట్లా తాగుతాయి?" అన్నాడు సింహాద్రి.

"అది సాయంత్రం సంగతి," అన్నాడు పేరయ్య.

ఏడో కోడికి ముడి వేస్తుండగా డాక్టరమ్మ స్కూటీ వచ్చి ఆగింది. అటుగా పోతూ, ఎందుకో మనసు పీకి, ఒకసారి చూసి పోదామని ఆగారట. లోపలికొచ్చి ఆవిడ ముందు కోళ్ళను చూశారు, తర్వాత అరటినారను చూశారు, ఆ తర్వాత ఉగ్గుగిన్నెను చూశారు.

"మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నామండీ," అన్నాడు భూషణం.

"అదే నా భయం," అన్నారావిడ.

నారలు కోయించారు. రేకుల మీద గడ్డి పరిపించి నీళ్ళు చల్లించారు. చుట్టూ తడి గోనెపట్టాలు వేలాడదీయించారు. మేత తీయించి, ఈ పూటకు ఇదే మందని ఆ ఆకుల నీళ్ళే కలిపి చల్లని నీళ్ళు పెట్టించారు. పదిన్నరకల్లా కోళ్ళు ఒక్కొక్కటే నోళ్ళు మూసుకున్నాయి. ఒక్కటి కూడా పోలేదు. భూషణం గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

పొద్దు వాలే వేళకు డాక్టరమ్మ మళ్ళీ వచ్చారు. "ఇక నేను చెప్పను. చేసి చూపిస్తాను. నేను చేసినట్టే రెండు పూటలా చెయ్యండి," అన్నారు. దగ్గరుండి నాలుగు బిందెలు ఒక బిందె అయ్యేదాకా మరిగించి, చల్లార్చి, వడగట్టారు. "కోళ్ళను పట్టుకోకూడదు. మందుకు ముందు అరగంట నీళ్ళు తీసేస్తే, దాహానికి అవే తాగుతాయి. కోళ్ళు నీళ్ళు తాగే ఈ డ్రింకర్లున్నాయే, వీటిని కోడి వీపు ఎత్తుకు వేలాడదీయాలి. కోడి వంగి తాగకూడదు," అని పైకప్పుకు తాళ్ళతో కట్టిన ఎర్ర ప్లాస్టిక్ డ్రింకర్ల ఎత్తు సరిచేసి, కషాయం కలిపిన నీళ్ళు పోశారు. కోళ్ళు వరసగా వచ్చి తాగాయి. మధ్యలో ఆవిడకు తిప్పతీగ ఘాటుకు రెండు తుమ్ములొచ్చాయి. ఫోను మోగితే "ఆఁ, వస్తున్నా" అన్నారు. వెళ్ళిపోయారు.

ఆ తర్వాత అన్నదమ్ములు ఒక్క పూట తప్పలేదు. రోజూ తెల్లవారుజామునా, పొద్దు వాలాకా కషాయం పోశారు. పోశాక భూషణం రెండుసార్లు తుమ్మాడు. తుమ్ము రాకపోతే ముక్కుపొడుం పీల్చి తుమ్మాడు. సింహాద్రి మోగని ఫోను చెవికి పెట్టుకుని "ఆఁ, వస్తున్నా" అన్నాడు. ఇంకేముంది, మందు పనిచేసింది. ఊళ్ళో మిగతా షెడ్లలో రోజూ నాలుగయిదు కోళ్ళు వాలిపోతుంటే, నరసాయమ్మ షెడ్డులో మూడు వందలకు మూడు వందలూ తిరుగుతున్నాయి. పోస్టుమాస్టరు గారు స్వయంగా వచ్చి చూసి, "ఏం చేశారయ్యా?" అని అడిగారు. భూషణం అంతా చెప్పాడు, తుమ్ములతో సహా. ఆయన రాసుకుని వెళ్ళారు.

ఎనిమిదో రోజు పొద్దున్నే నరసాయమ్మ దిగింది, నల్లకళ్ళద్దాలతో. వంగకూడదు, తల వంచకూడదు, నిటారుగా కూర్చోవాలని డాక్టర్లు చెప్పారట. కుర్చీ వేయించుకుని, ఒక కంటితోనే కోళ్ళను రెండుసార్లు లెక్కపెట్టింది. రెండుసార్లూ మూడు వందలే. కొంగు ముడి విప్పి తాళంచెవి భూషణం చేతిలో పెట్టింది.

"మీరు పనికొస్తార్రా," అంది.

భూషణం మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ మాట ఆ ఊళ్ళో అంతదాకా ఎవరూ అనలేదు.

"వారం రోజులుగా ఆసుపత్రి చప్పిడి కూడు తిని నాలుక చచ్చిపోయింది. ఒక కోడిని కోసి, కారంగా కూర వండండి."

"మూడు వందలూ ఉండాలన్నావు కదత్తా?"

"లెక్క అయిపోయింది కదరా. కొయ్యి."

కోశారు. కారంగా వండమంది కాబట్టి కారం డబ్బా బోర్లించి వండారు. ఆవిడ రెండు తొడలూ, కార్జం, కందనకాయా తిని, చెమటలు తుడుచుకుని, వసారాలో కుర్చీలోనే కునుకు తీసింది. తమ్ముళ్ళు రెక్కలూ మెడా పంచుకున్నారు. భూషణం పులుసు పోసుకున్నాడు.

పొద్దు వాలింది. ఏడు రోజుల మందులో అది ఆఖరి పూట. అరగంట ముందు నీళ్ళు తీసేసి, కషాయం పోసి, భూషణం అలవాటు ప్రకారం కోళ్ళను లెక్కపెట్టాడు.

"రెండు వందల తొంభై తొమ్మిదే ఉన్నాయిరా."

"ఒకటి తిన్నాం కదా," అన్నాడు పేరయ్య.

"తిన్నాం. అయితే దాని ఆఖరి పూట మందెవరు తాగుతారు? ఏ కోడికీ ఒక్క పూట కూడా తప్పకూడదన్నారు డాక్టరమ్మ. పదమూడు పూటలు తాగిన కోడికి పద్నాలుగోది ఎగ్గొడతామా?"

ముగ్గురూ తలలు పట్టుకున్నారు.

"ఆ కోడి ఇప్పుడెక్కడుందో చూడాలి," అన్నాడు సింహాద్రి. "రెక్కలు నాలో ఉన్నాయి."

"మెడ నాలో ఉంది," అన్నాడు పేరయ్య.

భూషణం చాలాసేపు ఆలోచించాడు. "రెక్కలూ మెడా కాదురా కోడంటే. తొడలూ, కార్జం, కందనకాయా ఎక్కడున్నాయో కోడి అక్కడుంది."

అప్పుడే వసారాలోంచి అత్త గొంతు వినపడింది. "ఒరే, గొంతు మండిపోతోంది. కాసిని మంచినీళ్ళివ్వండి."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేరయ్య నెమ్మదిగా వెళ్ళి కుండ, చెంబు, బిందె అన్నీ మోసుకుపోయి పెరట్లో దాచాడు.

"ఇంకో అరగంట ఆగత్తా," అన్నాడు భూషణం.

"నీళ్ళకు అరగంటేంట్రా?"

"పద్ధతి అత్తా."

అరగంట గడిచింది. భూషణం ఎర్ర డ్రింకరు తెచ్చి, వసారా దూలానికి తాడు కట్టి, కషాయం నింపి, అత్త వీపు ఎత్తుకు సరిగ్గా కొలిచి వేలాడదీశాడు. నరసాయమ్మ కళ్ళద్దాల సందులోంచి దానికేసి చూసింది.

"గ్లాసులో ఇవ్వొచ్చు కదరా."

"వంగకుండా తాగాలత్తా. నీకూ డాక్టర్లు అదే చెప్పారు కదా."

నోరెండిపోయిన మనిషి ఎంతసేపని వాదిస్తుంది? మెడ చాపి నాలుగు గుక్కలు తాగింది. మొహం ముడుచుకుపోయింది. భూషణం రెండుసార్లు తుమ్మాడు. సింహాద్రి ఫోను చెవికి పెట్టుకుని "ఆఁ, వస్తున్నా" అన్నాడు. పేరయ్య బెల్లం ముక్క పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు, ఎందుకైనా మంచిదని.

నరసాయమ్మ బెల్లం చప్పరిస్తూ ముగ్గురినీ వరసగా చూసింది. ఏడుపో నవ్వో తెలియని గొంతుతో అంది, "ఒరే, షెడ్డు మీకిచ్చాను గాని, నన్ను కోళ్ళలో కలపమనలేదురా."

"నిన్ను కలిపితేనే కదత్తా మూడు వందలు," అన్నాడు భూషణం.

ఆవిడ నిట్టూర్చి కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చుంది. అది చూసి పేరయ్య తాడు మరో బెత్తెడు పైకి లాగి కట్టాడు.